చెప్పుల కాపలా

ఆయన పోయాడన్న కబురు కింద నుంచి వచ్చే మొదటి బస్సు డ్రైవరు తెచ్చాడు. నేను రోడ్డు పక్క నర్సరీలో కాఫీ నారు సంచులకి నీళ్ళు పట్టిస్తున్నాను. బస్సు ఆపి, తల బయటికి పెట్టి, "మీ వానల సాయిబు తెల్లారగట్ల పోనాడండి. మధ్యాన్నం నమాజు అయినాక ఎత్తుతారట. మీకు సెప్పమన్నారు" అని, జవాబు కోసం చూడకుండా గేరు వేసుకుని వెళ్ళిపోయాడు.

'మీ' అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఆయన నావాడు కాకుండా పోయి పన్నెండేళ్ళు దాటింది. ఆ సంగతి డ్రైవరుకి తెలియదు కాబట్టి అతన్ని అనడానికి లేదు. నీళ్ళ గొట్టం కూలివాడి చేతికిచ్చి ఇంటికి వచ్చేశాను.

మా ఆవిడ చాటలో చోళ్ళు చెరుగుతోంది. కబురు చెప్పి, నేను వెళ్ళనన్నాను. చెరగడం ఆపకుండానే, "ఎల్లకపోతే మానీ. నానేటైనా అడిగినానా?" అంది. కాసేపటికి చూస్తే దండెం మీద ఉండవలసిన నా తెల్లచొక్కా మంచం మీద ఉంది. దాని పక్కన మడతపెట్టిన రుమాలు. తలమీద కప్పుకోవడానికి రుమాలు కావాలని ఆవిడకి తెలుసు. ఆ మర్యాదలన్నీ మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనే నేర్పాడు.

ఆయన్ని కొండల్లో అందరూ వానల సాయిబనే అనేవారు. పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేను చూడలేదు. హాజరు పట్టీలో ఒక పేరు ఉండేది గాని, అది ఇక్కడ రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

అరవైల చివర్లో అరకు పైన కొండల్లో ఒక ఏటి మీద ఆనకట్ట కట్టాలని సర్వే మొదలైంది. ఆనకట్ట కట్టాలంటే ముందు అక్కడ ఏటా ఎంత వాన పడుతుందో తెలియాలి. అందుకని రెండు చోట్ల రెయిన్ గేజిలు పాతి, ఒక్కోదానికి ఒక రీడర్ని వేశారు. మెట్టకి ఇవతల గేజి నాది, అవతలది ఆయనది. నడుమ మూడు మైళ్ళ కొండదారి. ఉద్యోగం పర్మనెంటు కాదు, సర్వే ఉన్నన్నాళ్ళే. తొమ్మిదేళ్ళు మేమిద్దరం వాన కొలిచాం. ఆనకట్ట కట్టనేలేదు.

పని చెప్పుకోడానికి నవ్వులాటగా ఉంటుంది. ముళ్ళకంచె మధ్యలో ఒక రాగి డబ్బా. దాని మీద గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ సీసాలో నీళ్ళని గీతల గ్లాసులో పోసి, ఎంత ఉందో చూసి, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. వాన లేకపోతే సున్నా రాయాలి. ఆ సున్నా రాయడానికైనా మనిషి కంచెలో నిలబడి ఉండాలి. కొలిచినవాడే సంతకం పెట్టాలన్నది ఆ ఉద్యోగానికున్న ఒకే ఒక్క గట్టి రూలు.

విజయనగరం అవతల పల్లెనుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళవాణ్ణి నేను. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, ఆ కొండలకి నాకంటే రెండు నెలల ముందు వచ్చాడు. పని నేర్చుకోమని సూపర్వైజరు నన్ను ఆయన దగ్గరికి పంపించాడు. నేను టకటకా నడిచి కంచె తలుపు తోసి లోపలికి అడుగు పెట్టబోతుంటే వెనకనుంచి భుజం పట్టుకున్నాడు. గట్టిగా కాదు. పట్టుకుని, నా కాళ్ళవైపు చూసి, "జోళ్ళు" అన్నాడు.

ఎందుకని అడిగాను. గేజి చుట్టూ నేల తొక్కితే బురద చిట్లి గరాటులో పడుతుందని చెప్పాడు. సబబుగానే ఉంది, విప్పాను. "కుడికాలు ముందు" అన్నాడు. దానికీ బురదకీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు. పెద్దవాడు చెప్పాడు కదా అని కుడికాలే పెట్టాను.

గ్లాసు చదవడం ఆయన్ని చూసి నేర్చుకోవలసిందే. పంట్లాం చీలమండల పైకి మడుచుకుని, తడినేల మీద మోకాళ్ళు వేసి, గ్లాసుని చదును రాయి మీద పెట్టి, కన్ను నీటిమట్టానికి దించేవాడు. ఊపిరి బిగపట్టేవాడు. "నీళ్ళు అంచుల కాడ పైకెక్కుతాయి తమ్ముడూ, నడుమ దిగుంటాయి. అంచు సూసినోడు ఎక్కువ రాసీత్తాడు. నడుమది సూడాల" అనేవాడు. ఎన్ని వేలసార్లు చూసినా ఆ మాట ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు చెప్పేవాడు. నాకు విసుగొచ్చేది గాని ఆయన్ని చూడ్డం మానలేకపోయేవాణ్ణి.

ఆయన గుడిసెలో వస్తువులు తక్కువ. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, రెండు గిన్నెలు, గోడకి ఒక కాలెండరు. కాలెండరు మీద హైదరాబాదులో పెద్ద మసీదు బొమ్మ. ఏడాది అయిపోతే అందరూ కాలెండరు పారేస్తారు. ఈయన తేదీల కాగితాలు చింపేసి బొమ్మ అట్ట ఉంచుకున్నాడు. పొద్దున్న లేచి దాన్ని చూసుకునేవాడు. ఆయన ఆ మసీదు ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ తాత ఒకసారి వెళ్ళి వచ్చి, మిగతా జీవితమంతా దాని గురించే చెప్పి పోయాడట. ఆ తాత చెప్పిన మర్యాదలన్నీ మనవడికి కంఠతా వచ్చు. మెట్ల దగ్గర జోళ్ళు విప్పి, రెంటి అడుగులూ ఒకదానికొకటి ఆనించి ఎడమచేత పట్టుకోవాలి. కొలను దగ్గర చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు కడుక్కుని, తల తడిచేత్తో తుడుచుకుని, కాళ్ళు కడుక్కోవాలి. తల కప్పుకోవాలి. లోపలికి కుడికాలు, బయటికి ఎడమకాలు. నమాజులో ఉన్నవాడి ముందునుంచి దాటకూడదు, ఎంత ఆలస్యమైనా వెనకనుంచే తిరిగి వెళ్ళాలి. పచ్చి ఉల్లిపాయ తిని వెళ్ళకూడదు. గొంతు పెంచకూడదు.

ఇవన్నీ నాకు ఆ గేజి కంచెలో నేర్పాడు. కంచె మసీదట, రాగి డబ్బా చుట్టూ నేల ఆవరణట. నేను తప్పు చేస్తే బయటికి పంపి మళ్ళీ రమ్మనేవాడు. పనిలేని కొండల్లో ఇద్దరు మొగాళ్ళం, ఇంతకంటే ఏం చేస్తాం. "ఎప్పుడో ఒకప్పుడు నిన్ను తీసుకెల్తాను. అక్కడ నా పరువు తియ్యకు" అనేవాడు. నేను హిందువుని, నన్ను రానిస్తారా అంటే, మర్యాద తెలిసినోణ్ణి ఎవరూ ఆపరనేవాడు.

అన్నిటికంటే పైన ఇంకో మర్యాద ఉంది. లోపల అబద్ధం ఆడకూడదు. ఇది తాత చెప్పిందో, ఈయన సొంతంగా పెట్టుకున్నదో నాకు తెలియదు. నోటితోనే కాదు, కడుపులో పెట్టుకుని కూడా వెళ్ళకూడదట. నేను ఊరుకోకుండా, అయితే బయట ఆడొచ్చా భాయ్ అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు.

"బయట ఆడకండా బతికినోడు ఉన్నాడేటి తమ్ముడూ? అందుకే గదా, ఆడకూడని సోటు ఒకటి ఉండాల" అన్నాడు.

రోజూ నా జోళ్ళు, ఆయనొచ్చినప్పుడు ఆయనవీ కంచె బయట చూసి, నా గేజి పక్క ఊళ్ళో కొండ ముసలమ్మ ఒకావిడ అది దేవుడని తీర్మానించేసింది. ఒక పొద్దున్న రాగి డబ్బాకి పసుపు బొట్టు, గరాటు అంచున అడవిపువ్వులు. పువ్వు గరాటులో పడితే లెక్క చెడుతుందని నేను విసుక్కున్నాను. భాయ్ ఆవిడతో తగువు పెట్టుకోలేదు. పువ్వులు కంచె గుంజకి పెట్టుకోమని ఒప్పించాడు. ఒకసారి విశాఖపట్నం నుంచి తనిఖీకి ఆఫీసరొచ్చి, ఇదేం గుడయ్యా అని కేకలేస్తూ బూట్లతో లోపలికి రాబోయాడు. భాయ్ ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, "సార్, బురద సిట్లుతాది" అన్నాడు. ఆయన గొంతులో ఏముందో గాని ఆఫీసరు వంగి బూట్లు విప్పాడు. మేజోళ్ళ చిరుగులోంచి బొటనవేలు బయటికి కనపడింది. ఆ సాయంత్రం మేమిద్దరం తలచుకుని తలచుకుని నవ్వుకున్నాం.

ఇలాంటి మనిషిని నమ్మకుండా ఎవరిని నమ్ముతాం చెప్పండి.

నా పెళ్ళయిన రెండో ఏడు, వానల నెలలో, మా ఆవిడ కాన్పుకి అరకులో మిషను ఆసుపత్రిలో ఉంది. ఒక సాయంత్రం భాయ్, నేను నా గుడిసెలో అన్నం తింటుంటే ఊరివాడొకడు నొప్పులు మొదలయ్యాయని కబురు తెచ్చాడు. పద్నాలుగు మైళ్ళ నడక. తెల్లారి రీడింగు చూసి బయల్దేరతానన్నాను. భాయ్ తన చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేసి లేచాడు.

"వాన ఎక్కడికీ పోదు. నువ్వు బేగి ఎల్లు. నీది నాను సూత్తాను."

మూడు మైళ్ళ దూరంలో రెండు గేజిలు ఒక్కడు ఎలా చూస్తాడన్నాను. నాది ఏడున్నరకి చూసి, మెట్ట ఎక్కి దిగి తనది ఎనిమిదిన్నరకి చూసుకుంటానన్నాడు. నా భుజం మీద తన గొడుగు పెట్టి తోసినంత పని చేశాడు.

కూతురు పుట్టింది. మూడో రోజు తిరిగొచ్చాను. ఆ రెండు రోజులూ కొండ మీద కుండపోతట. ఆయన కాళ్ళు జలగలు పట్టి పుళ్ళు పడ్డాయి. సిగరెట్టు పెట్టె అట్ట మీద రెండు రోజుల అంకెలు రాసి నా చేతికిచ్చాడు. మొదటి రోజు గ్లాసు నాలుగుసార్లు నిండిందన్నాడు. రిజిస్టర్లో ఆయన రాత ఉంటే ఇద్దరికీ ముప్పు, కాబట్టి నన్నే రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. తొమ్మిదేళ్ళలో నేను కొలవకుండా సంతకం పెట్టింది ఆ రెండు రోజులే. ఆ సంగతి లోకంలో తెలిసింది ఆయనొక్కడికే. నా కూతుర్ని ఎత్తుకుని, దీని పుట్టినరోజు వాన నాకు అంకెతో సహా తెలుసని అందరికీ చెప్పుకునేవాడు.

ఆయనదీ ఒక గుట్టు నా దగ్గరుంది. ఒక ఏడాది ఆయన గ్లాసు చెయ్యి జారి పగిలిపోయింది. పైవాళ్ళకి చెబితే పని పోతుందని భయపడ్డాడు. నా గ్లాసు తెచ్చుకుని, ఒక సోడాబుడ్డిలో నీళ్ళు పోసి సరిచూసి, ఆకురాయితో గీతలు గీసుకున్నాడు. నెలరోజులు దాంతోనే కొలిచాడు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

తొమ్మిదో ఏట సర్వే ఎత్తేస్తున్నామన్నారు. ఇద్దరు రీడర్లలో ఒకర్ని పర్మనెంటు చేసి వేరే చోటికి పంపిస్తారు, రెండోవాడు ఇంటికి. రిజిస్టర్లు తీసుకుని ఇద్దరూ హైదరాబాదు రావాలని కాగితం వచ్చింది. మే నెల. నాకు ఊళ్ళో సెంటు భూమి లేదు, చంకన రెండేళ్ళ పిల్ల. ఆయనకి కింద ఊళ్ళో ముగ్గురు పిల్లలు. ఎవరి ఆశ వాళ్ళకుంది. అయినా బొర్రా సొరంగాల్లో రైలు చీకట్లోకి వెళ్తూ బయటికి వస్తూ ఉంటే, కిటికీ దగ్గర కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఎవరికొచ్చినా రెండోవాడు ఏడవకూడదు, ఒకరి మీద ఒకరు చెప్పకూడదు. ఆ మాట ముందు అన్నది ఆయనే.

గురువారం ఆఫీసులో ఒక్కొక్కర్నీ విడిగా పిలిచారు. ముందు నన్ను. మీ తోటివాడి పని మీద ఏమైనా ఫిర్యాదు ఉందా అని ఆఫీసరు అడిగాడు. సోడాబుడ్డి కళ్ళముందు కదిలింది. లేదండీ, ఆయనంత శ్రద్ధగా కొలిచేవాడు ఈ రాష్ట్రంలో ఉండడన్నాను. అది నిజమే కూడా. తర్వాత భాయ్ వెళ్ళాడు. చాలాసేపటికి గాని రాలేదు. ఏమడిగారంటే, కాగితాలవీ రాయించుకున్నారని, ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నేనే తొందరపెట్టాను, పద భాయ్, నీ మసీదు చూద్దాం అని. ఆయన టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాడు. చివరికి లేచాడు. దారిలో మర్యాదలన్నీ మళ్ళీ ఒకసారి అప్పజెప్పించాడు.

బొమ్మలో చూసింది వేరు, ఎదురుగా చూసింది వేరు. అంత రాయి ఒక్కచోట నిలబడి ఉండడం నేను చూడలేదు. మెట్ల దగ్గర నేను చెప్పులు విప్పి, అడుగులు ఆనించి, ఎడమచేత పట్టుకుని, రుమాలు తలకి చుట్టుకుని ఆయనవైపు చూశాను. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నువ్వెల్లు తమ్ముడూ. సెప్పులు ఎవరో ఒకరు సూడాల" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పక్కనే చెప్పులు చూసే మనిషి ఒకడు టోకెన్లు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. తొమ్మిదేళ్ళు కలవరించి ఇప్పుడిదేమిటి, లే అన్నాను. నేను శుద్ధిగా లేను అన్నాడు. అదిగో కొలను, కడుక్కో అన్నాను.

"నీళ్ళతో పోయేది కాదులే. నువ్వెల్లు."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. రైల్లో తిన్న పూరీలు పడలేదనుకున్నాను, కడుపు పాడైందనుకున్నాను. ఎండలో కూర్చోకు భాయ్ అని చెప్పి, చెప్పులు ఆయన పక్కన పెట్టి, కుడికాలు ముందుపెట్టి లోపలికి వెళ్ళాను.

లోపల పావురాలు. కొలను గట్టు మీద కూర్చుని ఆయన నేర్పిన వరుసలోనే చేతులూ ముఖం కాళ్ళూ కడుక్కున్నాను. లోపలి రాతినేల చల్లగా ఉంది. ఒక ముసలాయన నమాజు చేసుకుంటున్నాడు. ఆయన వెనకనుంచి చుట్టూ తిరిగి అవతలి స్తంభం దగ్గరికి వెళ్ళాను. అక్కడ చీపురు పట్టుకుని ఉన్న పెద్దాయన ఇదంతా చూస్తూ ఉండి, తెలుగులోనే, ఎవరు బాబూ నువ్వు, ఇవన్నీ ఎవరు నేర్పారన్నాడు. మా భాయ్ నేర్పాడండీ, బయట చెప్పులకి కాపలా ఉన్నాడన్నాను. ఇంత నేర్పినవాడు బయట ఎందుకున్నాడని ఆయన అడిగాడు. ఒంట్లో బాగోలేదన్నాను. ఆయన మళ్ళీ ఊడవడంలో పడ్డాడు.

కాసేపు నిలబడ్డాను. ఏదో ఒకటి కోరుకోవాలి కదా. ఉద్యోగం భాయ్‌కి రావాలని కోరుకుందామనుకున్నాను, అలా అయితే గొప్పగా ఉంటుంది. కాని లోపల అబద్ధం ఆడకూడదు. నాకే రావాలని కోరుకున్నాను. సిగ్గుపడుతూనే కోరుకున్నాను.

ఎడమకాలు ముందుపెట్టి బయటికొచ్చేసరికి గంట అయింది. ఆయన అదే మెట్టు మీద, అదే ఎండలో, నా చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కింద పెట్టనుకూడా లేదు. నేను పరిగెత్తుకెళ్ళి నిమ్మకాయ సోడా తెచ్చి తాగించాను. తలెత్తకుండా తాగాడు. ఎలాగుంది అని అడిగాడు. నేల చల్లగా ఉంది భాయ్ అన్నాను. తల ఊపాడు.

కొండకి తిరిగొచ్చిన పది రోజులకి నాకు కాగితం వచ్చింది. ఫలానా రెండు రోజులు నేను స్థలంలో లేనని, వాన కొలవకుండానే అంకెలు కల్పించి రిజిస్టర్లో రాశానని, నా తోటి రీడరు రాతమూలకంగా తెలియజేసినందువల్ల నన్ను తొలగించారు. మూడుసార్లు చదివాను. స్థలంలో లేనన్నది నిజమే. కల్పించి రాశానన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగిపోయాను. ఆ అంకెలు ఆయనవి. జోరువానలో, జలగల్లో మోకాళ్ళు వేసి, నడుమది చూసి రాసిన అంకెలు. తన సొంత కొలతని తానే అబద్ధమని రాసిచ్చాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని.

మెట్ట ఎక్కి దిగి ఆయన గుడిసెకి పరుగెత్తాను. అంతకు రెండు రోజుల ముందే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడట. గుడిసె ఖాళీగా ఉంది. గోడకి కాలెండరు అట్ట అలాగే వేలాడుతోంది. దాన్ని తీసుకెళ్ళలేదు. చింపుదామని చెయ్యెత్తాను గాని, దాని మీద మసీదు ఉంది, అది నాకేం చేసింది. ఊరుకున్నాను.

తిరిగొచ్చి నా గేజి దగ్గరికి వెళ్ళాను. చెప్పులతో కంచె లోపలికి వెళ్ళి, రాగి డబ్బాని కాలితో తన్నాను. ఒకసారి కాదు, గరాటు ఊడి దొర్లేదాకా తన్నాను. కంచె గుంజకి పువ్వు పెడుతున్న ముసలమ్మ నా కాళ్ళవైపు చూసింది. "ఏటి బాబూ, దేముడి కాడ జోళ్ళేటి?" అంది. ఆవిడకేం చెబుతాను. కంచె బయటికొచ్చి నేలమీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు కాదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు అందుకే అనుకున్నాను.

మసీదు మెట్ల మీద జరిగింది నాకు అర్థమైంది ఆ కూర్చున్నప్పుడే. ముందురోజు ఆఫీసులో ఆ కాగితం రాసిచ్చి ఉన్నాడు. కడుపులో దాన్ని పెట్టుకుని లోపలికి రాలేకపోయాడు. కొందరు ఈ కథ విని, చూశావా ఎంత భయభక్తులున్న మనిషో అన్నారు. నాకు మాత్రం అక్కడే ఇంకా ఎక్కువ మండుతుంది. మసీదుని మోసం చెయ్యకూడదని తెలిసినవాడికి నన్ను మోసం చెయ్యకూడదని తెలియదా? నా చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నాడే, నేను బయటికొచ్చి సోడా పట్టిస్తే తాగాడే, అప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే తిట్టి, కొట్టి, ఆ సాయంత్రానికి క్షమించి ఉండేవాణ్ణి. రాయికి ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వలేదు.

తర్వాత ఆయన పర్మనెంటు ఉద్యోగం చేశాడు, కింద ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. నేను కాఫీ తోటల్లో మేస్త్రీనయ్యాను. ఏటా రంజానుకి బస్సు డ్రైవరు చేత సేమ్యా డబ్బా పంపించేవాడు. మూత తియ్యకుండా అదే బస్సులో తిప్పి పంపించేవాణ్ణి. ఒక ఏడాది నేను ఊళ్ళో లేనప్పుడు మా ఆవిడ ఉంచేసుకుంది. కూతురు అడిగిందట, తల్లి వండిపెట్టింది. దానికి నేను నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఒక్కసారి అరకు సంతలో దూరంగా కనపడ్డాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను చింతపండు బేరంలో పడిపోయినట్టు నటించాను.

ఆ పొద్దున్న ఇదంతా తలపోసుకున్నాక, మంచం మీది తెల్లచొక్కా వేసుకుని పది గంటల బస్సెక్కాను. ఎందుకు ఎక్కానంటే చెప్పలేను. నిజంగానే పోయాడో లేదో చూసుకుందామని అనుకోండి.

కింద ఊళ్ళో మసీదు చిన్నది. నాలుగు మెట్లు, సిమెంటు వాకిలి, చిన్న ఆవరణ. నేను వెళ్ళేసరికి నమాజు అయిపోయింది. ఆవరణలో ఆయన్ని పడుకోబెట్టిన పాడె, వాళ్ళ మాటలో జనాజా, దాని ముందు జనం వరుసలు కడుతున్నారు. మెట్ల కింద చెప్పులు గుట్టలుగా ఉన్నాయి. నావి విప్పి, అడుగులు ఆనించి, ఎడమచేత పట్టుకున్నాను. చెయ్యి దానంతటదే చేసింది. రుమాలు తలకి చుట్టుకున్నాను.

ఆయన పెద్దకొడుకు వరుసల ముందుకొచ్చి నిలబడ్డాడు. మనిషి అచ్చం తండ్రి, అదే ఎత్తు, అదే సన్నదనం. వాళ్ళలో అది ఆనవాయితీ, పోయినవాడి తరఫున కొడుకు అందర్నీ అడగాలి.

"మా నాయిన వల్ల ఎవరికైనా కష్టం కలిగుంటే, ఇక్కడే ఇప్పుడే మాఫ్ సెయ్యండి. లేదంటే నాకు సెప్పండి, నాను మోత్తాను."

మాఫ్ చేశాం, మాఫ్ చేశాం అని వరుసలన్నీ గొణిగాయి. ఆ పిల్లాడి కళ్ళు మనుషుల మీదినుంచి వెతుక్కుంటూ వచ్చి మెట్ల దగ్గర నా మీద ఆగాయి. వరుస చుట్టూ వెనకనుంచి తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"చాచా, లోపలికి రండి. మీరొత్తే లోపలికి తీసుకురమ్మని నాయిన ముందే సెప్పినాడు. మీ మాట ఇనకండా ఎత్తొద్దన్నాడు."

గొంతు దాకా వచ్చింది, పోనీలే అందామని. ఎవరికి నష్టం? పోయినవాడు పోయాడు, ఒక్క మాట, అనేసి బస్సెక్కి రావచ్చు. కాని అనాలంటే ఆ మెట్టు ఎక్కాలి. ఎక్కాక అబద్ధం ఆడకూడదు. నాలో చూసుకున్నాను, గ్లాసుని చూసినట్టు ఊపిరి బిగపట్టి, అంచులు కాదు నడుమది చూసుకున్నాను. మాఫ్ లేదు.

"నువ్వెల్లు నాయినా. సెప్పులు ఎవరో ఒకరు సూడాల" అన్నాను.

ఆ పిల్లాడికి ఆ మాట ఎక్కడిదో తెలిసే ఉంటుంది. ముఖం వాడిపోయింది. తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నపు ఎండకి సిమెంటు కాలిపోతోంది. పంచెలోంచి చుర్రుమంది. ఇలాంటి మెట్టు మీదే ఆయన గంటసేపు కదలకుండా కూర్చున్నాడని తట్టింది. అయినా లేవలేదు.

నా మాట అదేననుకున్నాడు కాబోలు, చివరి నమాజు ముగించి జనాజా ఎత్తారు. మనుషులు ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకుంటూ మెట్లు దిగి నా ముందునుంచే తీసుకెళ్ళారు. ఎవరో పక్కకి తప్పుకుని, పెద్దాయనా మీరూ ఒక చెయ్యి వెయ్యండన్నట్టు చోటిచ్చారు. నేను లేచి నిలబడ్డాను. చెప్పులు తొడుక్కోలేదు, తలమీద రుమాలు తియ్యలేదు. భుజం మాత్రం ఇవ్వలేదు.